వీడియో కాల్‌కు కట్టిన ఇల్లు

ఈ ముచ్చటలో ఉన్నవాళ్లకు పేర్లు అక్కర్లేదు, ఏ వాడకు పోయినా కనిపిస్తారు. జగిత్యాలలో షోరూము పెట్టిన ఇంటీరియర్ సారు, కోరుట్లలో ఇల్లు కట్టి దుబాయ్‌లో ఉండే కొడుకు, ఆ ఇంట్లో బీడీలు చుట్టే అవ్వ, సిరిసిల్ల నుంచి చూడవచ్చిన సాంచాల (మరమగ్గాల) మామ. కొడుకు ఫోన్‌లో ఉన్నాడు.

ఇంటీరియర్ సారు: అన్నా, ఇదంతా కాంటెంపరరీ. జిప్సం ఫాల్స్ సీలింగ్, అంచుల పొంటి కోవ్ లైట్లు, నడుమ షాండ్లియర్, కన్సోల్ మీద బంగారు రంగు జింక. రిమోట్ నొక్కితె మూడు రంగులు మారుతయ్.

కొడుకు: జబర్దస్త్ సారు! జర ఫోన్ తిప్పుండ్రి. అవ్వా, పక్కకు జరుగు, నీ చాట అడ్డమొస్తుంది.

అవ్వ: జరుగుత గని బిడ్డా, లైట్లన్నీ పైననే ఉన్నయ్. ఆకు కత్తిరిద్దామంటె నా నీడ నా చాట మీదనే పడుతుంది. గందుకే మెట్ల కింది బల్బు కాడ కూసుంటున్న.

సారు: అమ్మా, అది పనికి కాదు, మూడ్ కోసం.

మామ: మూడ్ అంటే ఏందక్కా?

అవ్వ: కరెంటు బిల్లు కావచ్చు తమ్మీ.

అవ్వ పక్కకు జరగడంలోనే ఈ ఇంటి నమూనా అంతా ఉంది. డబ్బు పంపేవాడు ఇంట్లో ఉండడు. సెలవు దొరికినప్పుడు తప్ప ఆ ఇల్లు అతనికి అరచేతి వెడల్పు తెర మీదే కనిపిస్తుంది. తెరకు కావలసింది మెరిసే కప్పు, నీలంగా వెలిగే మూలలు, అడ్డం తొలగిన మనుషులు. దీపాలతో నాకు తగాదా లేదు. డిజైన్ పేరుతో ఇక్కడ అమ్ముడుపోతున్నది చాలావరకు ఫొటో అని నా వాదన. లెక్క చూడండి. బల్బుకు దూరం మూడింతలైతే కింద పడే వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. చాటకు తొమ్మిదడుగుల పైన ఉన్న బల్బునే మూడడుగులకు దించితే అవ్వ చేతులకు తొమ్మిది రెట్లు వెలుగు అందుతుంది. కోవ్ లైటు సంగతి మరీను, అది ముందు కప్పును వెలిగించుకొని మిగిలింది మనకు వదులుతుంది. కందిలి రోజుల్లో కిరసనాయిలు కొలిచి పోసుకునేవాళ్లు గనక దీపం పని పక్కకే వచ్చేది. 2015లో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఈడీ బల్బు వంద రూపాయలలోపు దొరికింది, మంచిదే. దాన్ని ఎక్కడ పెట్టాలన్న ఆలోచన మాత్రం ఎటో పోయింది.

ఇది ముసలివాళ్ల చాదస్తమనుకునేవాళ్లు డెన్మార్క్ వైపు చూడొచ్చు. అక్కడి డిజైనర్ పౌల్ హెన్నింగ్సెన్ 1920ల నుంచీ ఒకే చిక్కును పట్టుకొని కూర్చున్నాడు. బల్బు కంట్లో పొడవకూడదు, వెలుగు మాత్రం బల్ల మీదికి దిగాలి. 1958లో అతను చేసిన ఆర్టిచోక్ దీపానికి 72 రేకులున్నాయి. ఏ పక్క నుంచి చూసినా లోపలి బల్బు కనబడకుండా చేయడమే వాటి పని. నకలు కొట్టేవాళ్లకు రేకులే కనిపిస్తాయి. ఇక మన హాల్లో ఫ్యాన్ ఒకటుంది, ఎండాకాలం అది లేకుండా కోరుట్లలో గడవదు. దాని రెక్కలకు పైన డౌన్‌లైట్లు పెడితే నీడలు గదంతా టపటపలాడతాయి. వీడియో కాల్‌కు ముందు చప్పుడని ఫ్యాన్ ఆపేస్తారు గనక దుబాయ్‌కి ఆ సంగతి చేరదు.

కొడుకు: పదిహేనేండ్లు హోటళ్ల షాండ్లియర్ల కింద నేల తుడిచిన మామా. అబుదాబి పెద్ద మసీదుల ఉన్నదాన్ని సూసి కండ్లు తిరిగినయ్. నా పైసలతోని నా ఇంట్ల ఒకటి వేలాడేసుకుంటె తప్పేంది? మేం నులక మంచం మీదనే ఉండాల్నా?

ఈ ఆక్షేపణ గట్టిది. నిరాడంబరత బోధించే పట్నపు పెద్దమనుషుల దగ్గర దీనికి జవాబు లేదు, వాళ్ల నులక మంచం ఇప్పుడు ఫామ్‌హౌసు అలంకారం. షాండ్లియర్ అతని హక్కే. కాకపోతే అతను చూసినది దాదాపు 10 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు ఉండి, తనకు తగ్గ గుమ్మటం కింద వేలాడుతోంది. పదడుగుల హాల్లో ఆ తరహాది పెడితే పొడగరి చుట్టాల తలలకు తగులుతుంది. మెట్ల గది రెండంతస్తుల ఎత్తుంటుంది కదా, అక్కడ వేలాడదీయొచ్చు. పైసలెవరివన్నది తేలిపోయింది, తేలనిది ఒకటే: పగలూ రాత్రీ ఆ ఇంట్లో ఉండే మనిషిని ఎవరూ ఎందుకు అడగలేదు?

సారు: అయితే లోకల్ సామాన్లు పెట్టుమంటరా? నిర్మల్ పొనికి చెక్క మెత్తది, బొమ్మలకు పనికొస్తది గని సోఫాకు ఆగది. పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ వెండి తీగ పని సన్మానాలల్ల ఇచ్చేటియి. స్టాకేది? వారంటీ ఏది?

నిజమే చెప్తున్నాడు. ఆ పనులను శాలువాతో పాటిచ్చే జ్ఞాపికలుగా మిగిల్చింది మనమే. కానీ స్టాకు ముందా, నమూనా ముందా? 1951లో శిల్పి ఇసాము నొగుచి జపాన్‌లోని గిఫుకు వెళ్లాడు. అక్కడివాళ్ల వెదురు పుల్లలను, మల్బరీ బెరడు కాగితాన్ని అలాగే ఉంచి, కొవ్వొత్తి చోట కరెంటు బల్బు పెట్టి కొత్త ఆకారాలు గీశాడు. మడిచి పెట్టెలో పంపగల ఆ అకారి దీపాలు నేటికీ అమ్ముడవుతున్నాయి. ఎవరో ఒకరు ముందు కార్ఖానా గడప తొక్కాలి.

మామ: సారు, గీ పరదాలు యాడికెల్లి?

సారు: సూరత్. ప్రీమియం.

మామ: మా సాంచాల మీద 2017 నుంచి సర్కారు పంచిన బతుకమ్మ చీరెలకు కోట్ల మీటర్లు నేసినం. ఒక్క ఇంటీరియర్ సారన్న వచ్చి, గీ పన్నాల పరదా గుడ్డ నేస్తవా అని అడిగిండా?

పల్చటి పాలిస్టర్ నేసే సాంచా రాత్రికి రాత్రి బరువైన పరదా గుడ్డ నేయదు, పెట్టుబడి కావాలి. సర్కారు ఆర్డరుంటే పని, లేకుంటే ఖాళీ అన్నట్టు బతికే ఆసామి ఆ పెట్టుబడి ఎవర్ని నమ్మి పెడతాడు? ఏడాదికి సరిపడా ఆర్డరు షోరూములే కలిసి ఇస్తే తప్ప మామ ప్రశ్నకు జవాబు రాదు.

సారు: సరే అమ్మా, నీకేం కావాలె?

అవ్వ: నా చాట మీదికి ఎడమ దిక్కు నుంచి వేలాడే ఒక్క బల్బు. కండ్లల్ల కొట్టకుండ దానికో టోపీ.

సారు: గంత చిన్నదానికి డిజైన్ ఫీజు ఎట్ల వేస్తం? అన్నా, ఇంకో జింకను కలిపి ప్యాకేజీ చేస్త.