తాళంకప్ప బొమ్మకు టీకా తాత్పర్యం

మూలం

"మీ సమాచారం బ్యాంకు స్థాయి 256 బిట్ ఎన్‌క్రిప్షన్‌తో సంపూర్ణంగా సురక్షితం."

అవతారిక

ఈ గద్యం ఒకానొక బీమా కంపెనీ వెబ్‌సైటు అడుగుభాగాన, ఆకుపచ్చ తాళంకప్ప బొమ్మ పక్కన వెలసి ఉంది. కర్త అజ్ఞాతుడు. కాలం మాత్రం కొంత ఊహించవచ్చు. క్రోమ్ బ్రౌజరు తాళానికి పచ్చరంగు 2018లో తీసేసింది. 2023లో తాళాన్నే తీసేసింది. కనుక రచన 2018కి పూర్వపుదై ఉండాలి, లేదా కర్త అప్పటినుంచి బ్రౌజరు తెరిచి ఉండకూడదు. "బ్యాంకు స్థాయి" అన్నచోట "మిలిటరీ స్థాయి" అని పాఠాంతరం. ఏ సైన్యమో ఏ ప్రతిలోనూ లేదు.

ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టినవాడు మన మెదకుసీమ వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథసూరి. ఆయన చేతికి కాళిదాసు దొరికాడు. నా చేతికి ఇది దొరికింది. కాబట్టి రెండో ప్రతిజ్ఞ నాకు వర్తించదు.

టీక

మీ: సుగమం.

సమాచారం: సుగమం. పాన్ నంబరు, పుట్టినతేదీ, నామినీ పేరు మొదలైనవని గ్రహించేది.

బ్యాంకు స్థాయి: ఇది అపుష్టార్థమనే దోషం. విశేషణం ఉన్నా అర్థానికి పుష్టి చేకూరలేదు. బ్యాంకు సర్వరు వాడే టీఎల్‌ఎస్ 1.3 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతినే గోంగూర పచ్చడి చేసే విధానం చెప్పే సైటూ వాడుతుంది. దాని సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచీ ఉచితంగానే ఇస్తోంది. బ్యాంకు స్థాయి, గోంగూర స్థాయి అని రెండు లేవు.

256 బిట్: తాళంచెవి పొడుగు. ఇన్ని బిట్లతో ఎన్ని చెవులు సాధ్యమో లెక్కగడితే 78 అంకెల సంఖ్య వస్తుంది. 128 బిట్లకు వచ్చేది 39 అంకెల సంఖ్య. దాన్నైనా ఒక్కొక్కటిగా ప్రయత్నించి తెరవగలవాడు భూమ్మీద లేడు గనక బ్రౌజర్లు తరచు దానితోనే సరిపెట్టుకుంటాయి. ఈ 78 అంకెలను పాఠకుడు గుర్తుంచుకోవాలి, వీటితో ముందు పని ఉంది.

ఎన్‌క్రిప్షన్‌తో: బ్రౌజరు, సర్వరు పూర్వపరిచయం లేనివాళ్లు. అందరూ వింటుండగానే తలొక సంఖ్య పైకి చెప్పుకుంటారు. విన్నవాడికి అందని మూడో సంఖ్య ఒకటి ఇద్దరి దగ్గరా ఒకేలా పుడుతుంది. డిఫీ, హెల్‌మన్ 1976లో లోకానికి చెప్పిన ఉపాయమిది. ఆ సంఖ్య నుంచి వచ్చిన చెవితోనే తర్వాతి మాటలన్నీ తాళంలో పడతాయి.

రహస్యం కుదిరింది సరే, ఎవరితో కుదిరింది? అవతల ఉన్నది కంపెనీ సర్వరా, మధ్యలో కూర్చున్న దొంగా? ఆ సందేహం తీర్చడానికి సర్వరు ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. దానికింద ఒక సంస్థ సంతకం. ఆ సంస్థ సర్టిఫికెట్ కింద దాని పై సంస్థ సంతకం. మరి ఆ పై సంస్థకో?

ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు నిలబడతాడు. తొందరున్నవాళ్లు ముందుకు పోవచ్చు.

ఒక జ్ఞానం నిజమైనదేనని తెలిసేది ఎలా? "స్వతః" అంటాడు మీమాంసకుడు. జ్ఞానం పుడుతూనే తన ప్రామాణ్యాన్ని వెంటబెట్టుకు వస్తుంది, అది తప్పని తేలేదాకా నమ్మడమే. "పరతః" అంటాడు నైయాయికుడు. వేరొక జ్ఞానం వచ్చి సాక్ష్యం పలకాలి. ఆ వేరొకదానికి సాక్ష్యం ఎవరయ్యా, దాని సాక్షికి సాక్షి ఎవరయ్యా అని మీమాంసకుడు నిలదీస్తాడు. దీని పేరు అనవస్థ. ఈ తగువు మీద శతాబ్దాలు గడిచాయి. పరిష్కారం మన ఫోన్లలో ఉందని ఇరుపక్షాలకూ తెలియలేదు పాపం. బ్రౌజరు కిందిమెట్ల మీద నైయాయికుడు: ప్రతి సర్టిఫికెట్‌కూ పరాయి సంతకం అడుగుతుంది. పైమెట్టు ఎక్కగానే మీమాంసకుడు: రూట్ సర్టిఫికెట్ తన సంతకం తానే పెట్టుకుని వస్తే మాట్లాడకుండా దండం పెడుతుంది. వేదంలా అపౌరుషేయమా అంటే కాదు. మైక్రోసాఫ్ట్, యాపిల్, గూగుల్, మొజిల్లా తమ తమ పట్టీల్లో చేర్చుకున్నారు గనక ప్రమాణం.

తనకు తానే సంతకం పెట్టుకోవడమేమిటని తెలుగువాళ్లం నోరెత్తడానికి లేదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడే. దానికి దీపిక అనే వ్యాఖ్య కూడా ఆయనే రాసుకున్నాడు. అయినా ఈనాటికీ తర్కం చదవబోయే పిల్లవాడి చేతిలో మొదట పెట్టేది ఆ పుస్తకమే. ఇంతవరకూ రద్దు కాలేదు.

డచ్చివాళ్ల సర్టిఫికెట్ల సంస్థ డిజినోటార్‌కు ఆ యోగం పట్టలేదు. 2011లో దొంగలు లోపలికి చొరబడి గూగుల్ పేరుతో సర్టిఫికెట్ పుట్టించుకున్నారు. అది ఇరాన్‌లో జనం మెయిళ్ల మీద ప్రయోగమైంది. బ్రౌజర్లన్నీ డిజినోటార్ పేరు పట్టీలోంచి కొట్టేశాయి, కంపెనీ దివాలా తీసింది. పరదేశం మాట ఎందుకు, 2014 జులైలో మన ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ చెవులతో జారీ అయిన సర్టిఫికెట్లు గూగుల్ పేర్ల మీద కనబడ్డాయి. దాని పై సంస్థ సీసీఏను మైక్రోసాఫ్ట్ పట్టీ నమ్మింది గనక విండోస్ కంప్యూటర్లలో అనేకం నమ్మేశాయి. ఫైర్‌ఫాక్స్ సొంత పట్టీలో ఆ పేరు లేదు, అది నమ్మలేదు. ప్రామాణ్యం ఎవరి పట్టీని బట్టి వాళ్లకన్నమాట. ఈ సంగతి నైయాయికుడు గంగేశోపాధ్యాయుడికి అంది ఉంటే ఇంకో గ్రంథం రాసేవాడు.

నైయాయికుడు అనవస్థను తప్పించుకోవడానికి ఒక దారి చూపాడు: ప్రవృత్తి ఫలిస్తే జ్ఞానం యథార్థం. దూరాన కనబడ్డవి నీళ్లేనా అంటే, వెళ్లి తాగు, దాహం తీరితే నీళ్లే. మన జనం సరిగ్గా ఈ పద్ధతిలోనే తర్కిస్తున్నారు. డబ్బు కట్టాక రసీదు వస్తే సైటు అసలుది, ఖాతా ఖాళీ అయితే నకిలీది. ఎందుకంటే నకిలీ సైటుకూ తాళముంటుంది. దొంగ తన పేరున తాను సర్టిఫికెట్ తీసుకుంటే ఇవ్వకపోవడానికి కారణం లేదు. మాటలు దారిలో చెదరకుండా దొంగకే చేరతాయని ఆ తాళం హామీ ఇస్తుంది. ఈ తేడా ఎందరికి తెలుసునని గూగుల్ 2021లో పరీక్షిస్తే తాళం అర్థాన్ని సరిగ్గా చెప్పినవాళ్లు 11 శాతమే. తాళం ఎగిరిపోయింది అందుకే.

ప్రకృతానికి వద్దాం.

సంపూర్ణంగా సురక్షితం: ఈ రెండు మాటల కోసమే వ్యాఖ్యాత కలం పట్టాడు. ఇదే కంపెనీ పాలసీ పత్రాన్ని మెయిల్లో పంపుతుంది. పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉంటుంది. ఆ పాస్‌వర్డు ఏమిటో అదే మెయిల్ రెండో పేరాలో ఉంటుంది: మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, ఆపైన పుట్టిన సంవత్సరం. అర్థంకానివాళ్లకు ఉదాహరణ కూడా ఇచ్చారు. పేరు మెయిల్ మొదట్లో "ప్రియమైన" తర్వాత ఉండనే ఉంది. ఇక వంద సంవత్సరాలు వరసగా కొట్టి చూస్తే తెరుచుకుంటుంది. 78 అంకెలు వచ్చి వచ్చి వందకు దిగాయి!

ఏజెంటుగారు ఆధార్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమంటారు. అదీ ఎన్‌క్రిప్షనే. చేరాక ఆయన ఫోన్‌లో, మనవరాలి పుట్టినరోజు ఫొటోల మధ్య కలకాలం ఉంటుంది. పాలసీ గడువు దగ్గరపడగానే ఎన్నడూ వినని కంపెనీలు ఫోన్ చేసి, "సార్, మీ పాలసీ ఈ నెలాఖరుకు అయిపోతోంది కదా" అని తేదీతో సహా అప్పజెబుతాయి. నగలపెట్టెను పోలీసు కాపలాతో ఊరు దాటించి, అరుగు మీద పెట్టి పోతే ఎవరిని అనాలి?

కాల్‌సెంటరు సంగతి ఇంకా వింత. వాళ్లే ఫోన్ చేస్తారు. "వెరిఫికేషన్ కోసం మీ డేట్ ఆఫ్ బర్త్ చెప్పండి సార్" అంటారు. బ్రౌజరు ఏ సర్వరునైనా ముందు సర్టిఫికెట్ చూపించమంటుంది, తర్వాతే ఏదైనా ఇస్తుంది. నేను అదే అడిగాను: "అమ్మా, ముందు మీరెవరో నాకు రుజువు చెయ్యండి." "అలాంటి ఆప్షన్ లేదండీ" అంది ఆ అమ్మాయి. పాపం ఆ అమ్మాయి తప్పేముంది, ఆప్షన్ పెట్టనివాళ్లు 256 బిట్ల వాక్యం రాయించడంలో ఉన్నారు.

పూర్వపక్షం: అయితే ఎన్‌క్రిప్షనే వద్దంటావా?

సమాధానం: అననే అనను. అది లేని రోజులు చూశాం. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న ఎక్స్‌టెన్షన్ వచ్చింది. కాఫీ హోటల్ వైఫైలో పక్కబల్ల వాడి ఫేస్‌బుక్‌లోకి ఎవరైనా ఒక్క క్లిక్‌తో దూరిపోయేవారు. ఆ తలుపు మూసింది ఎన్‌క్రిప్షనే. మూసినవాళ్లలో జీతం తీసుకోకుండా కోడు రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల చెమటను తమ గుమ్మానికి తోరణం కట్టుకునేవాళ్లతోనే నా పేచీ.

తాత్పర్యం

మీ బ్రౌజరు నుంచి మా సర్వరు దాకా మధ్యలో ఎవరూ చదవలేరు. చేరాక ఎవరు చదువుతారో ఈ వాక్యంలో చెప్పలేదు.

కంపెనీవారికి మనవి: ఆ వాక్యం ఉంచుకోండి, పాస్‌వర్డు సూత్రాన్ని మాత్రం మెయిల్లోంచి తీసేయండి. పాఠకులకు మనవి: ఫోన్ చేసి పుట్టినతేదీ అడిగినవాళ్లను ముందు వాళ్లెవరో రుజువు చెయ్యమనండి. చెయ్యలేకపోతే పెట్టేసి, పాలసీ పత్రం మీద అచ్చేసిన నంబరుకు మీరే చెయ్యండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.