వాడిన విమానం: ఒక తేటగీతికి టీకా తాత్పర్యాలు

సొంతంగా నడుపుకోవడానికి వాడిన విమానం, అందులోనూ ప్రెషరైజ్డ్ క్యాబిన్ ఉన్న జంట ఇంజన్ల విమానం కొనే విద్య అంతా ఈ కింది తేటగీతిలో ఉంది. ఛందస్సు తప్ప ఇందులో కొత్తదేమీ లేదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని క్రాస్‌విల్ నుంచి 1937 మొదలుకొని పసుపుపచ్చ కాగితం మీద వెలువడిన ట్రేడ్-ఎ-ప్లేన్ పత్రికలో అమ్మకపు ప్రకటనలు ఇంచుమించు ఈ నాలుగు ముక్కలే చెబుతాయి. కర్త పేరు ఉండదు. ఈ వాఙ్మయంలో కర్త ఎప్పుడూ దళారీయే.

మూలం

జంట యింజన్ల తోడుత చక్కనైన
గాలి యొత్తిడి నిలిపెడు గదియు గలది
షెడ్డు నీడనె పెరిగెను చెడ్డ లేదు
కొనెడి వారికె ధరలోని గుట్టు దెలియు

టీక: జంట యింజన్ల తోడుత = రెండు ఇంజన్లతో; చక్కనైన = చూడముచ్చటైన, అనగా ఈమధ్యనే రంగు వేసిన; గాలి యొత్తిడి నిలిపెడు = బయట గాలి పలచబడినా లోపల ఒత్తిడిని నిలబెట్టే; గదియున్ = క్యాబిన్‌ను కూడా; కలది = కలిగినది; షెడ్డు నీడనె = హ్యాంగర్ నీడలోనే; పెరిగెను = ఏళ్లు గడిపింది; చెడ్డ = దెబ్బ, ప్రమాదం; లేదు = కాగితాల్లో లేదు; కొనెడి వారికె = కొనేవారికి మాత్రమే; ధరలోని గుట్టు = ధరలో దాగిన మర్మం; తెలియున్ = తెలుస్తుంది, అనగా కొన్న తర్వాత.

అన్వయం: ‘విమానము’ అనే విశేష్యం పద్యంలో ఎక్కడా లేదు, అధ్యాహారం చేసుకోవాలి. తయారైన సంవత్సరమూ లేదు. దాన్ని అధ్యాహారం చేసుకోవడం కుదరదు, అడిగి తెలుసుకోవాలి.

తాత్పర్యం: మంచి విమానం అమ్మకానికి ఉంది, ధర కోసం ఫోన్ చేయగలరు.

పైకి ఇంతే. లోతుకు దిగితే వ్యాఖ్యాతలు రెండుగా చీలుతారు. సౌకర్యం కోసం వారిని ఇక్కడ అబిడ్స్ మతం వారు, నాంపల్లి మతం వారు అందాం. అబిడ్స్ మతం హైదరాబాదులో ఆదివారం పూట, దుకాణాలు మూసి ఉండగా, కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల దగ్గర పుట్టింది. వస్తువును చేతిలోకి తీసుకోవడం, వెన్ను చూడడం, మధ్యలో ఫారం ఊడిందేమో పేజీలు తిప్పి చూడడం, చెప్పిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెట్టడం ఈ మతస్థుల ఆచారం. అసలు ఆ పేటకు పేరిచ్చినవాడే దుకాణదారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న అర్మేనియన్ ఆల్బర్ట్ ఆబిడ్, నిజాం ఒకసారి వాడి వదిలేసిన సరుకును తిరిగి నిజాముకే అమ్మేవాడని నగరంలో చెప్పుకుంటారు. వాడిన వస్తువుల శాస్త్రానికి ఇంతకన్నా ఘనమైన మూలపురుషుడు దొరకడు. నాంపల్లి మతం కోర్టుల చుట్టూ, నోటరీల బల్లల దగ్గర పెరిగింది. కాగితం ఉంటే వస్తువు ఉన్నట్టే, కాగితం లేకపోతే ఎదురుగా నిలబడి ఉన్నా లేనట్టే అని దాని సిద్ధాంతం. విమానం విషయంలో రెండు మతాలూ ఒప్పే. ఒక్కటే పట్టుకుంటే చాలదు.

మొదటి పాదం. ‘జంట’ అనడంలో భద్రత ధ్వనిస్తుంది. అది సగం నిజం. రెక్కల మీద చెరో పక్క ఉన్న ఇంజన్లలో ఒకటి ఆగితే విమానం ఆగిన వైపుకు తిరగబోతుంది. దాన్ని చుక్కానితో ఆపాలి. చుక్కానికి పట్టు దొరికేది వేగం ఉన్నప్పుడే. ఆ కనీస వేగాన్ని వేగమాపకం మీద ఎర్రగీతతో, ఒక్క ఇంజన్‌తో బాగా పైకెక్కగలిగే వేగాన్ని నీలిగీతతో గుర్తిస్తారు. ఎర్రగీత కిందకు జారితే మిగిలిన ఇంజన్ శక్తే విమానాన్ని బోర్లా తిప్పుతుంది. నిండు బరువుతో, ఒకే ఇంజన్ మీద సెస్నా 340 వంటి విమానం సముద్రమట్టం దగ్గర చల్లటి వేళ నిమిషానికి మూడు వందల అడుగులకు అటూ ఇటూ ఎక్కుతుంది. బేగంపేట విమానాశ్రయం దాదాపు 1,740 అడుగుల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో అక్కడి గాలి అయిదు వేల అడుగుల పైన ఉండే గాలిలా ప్రవర్తిస్తుంది. మూడు వందల అడుగుల లెక్క అక్కడ నిలవదు. కాబట్టి ‘తోడుత’ అన్న పదానికి రెండు ఇంజన్లూ తోడుగా ఉన్నంతసేపు అని పరిమితార్థం చెప్పుకోవడం క్షేమం.

వాడిన జంట ఇంజన్ల విమానాలు హైదరాబాదుకు కొత్త కాదు. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్, బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. యుద్ధం ముగిశాక మిగులుగా అమ్ముడైన సైనిక విమానాలకే పౌరవేషం వేసిన కాలం అది. ఒక్కో ఇంజన్‌కు 1,200 గుర్రాల శక్తి. ఆ సంస్థ 1953 ఆగస్టు 1న మరి ఏడు సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అయితే డకోటా మొదటి పాదానికి లక్ష్యమవుతుంది గానీ రెండో పాదానికి కాదు. దాని క్యాబిన్‌కు ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు. ప్రయాణికుల ఊపిరి ఇబ్బంది పడని ఎత్తులోనే, మబ్బుల కుదుపుల మధ్యే అది వెళ్లాలి.

రెండో పాదం ఈ పద్యానికి ప్రాణం. ధర పెరిగేదీ, తలనొప్పి మొదలయ్యేదీ ఇక్కడే. 18,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగం. సెస్నా 340 తన క్యాబిన్‌లో బయటికన్నా చదరపు అంగుళానికి 4.2 పౌండ్లు ఎక్కువ ఒత్తిడి నిలపగలదు. అందువల్ల విమానం 20,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలివారికి 8,000 అడుగుల కొండ మీద కూర్చున్నట్టే ఉంటుంది. మూతికి ఆక్సిజన్ గొట్టం అక్కర్లేదు. కింద వర్షాకాలపు మేఘాలు ఉడుకుతుంటే వాటిలో చాలావాటికి పైనుంచి పోవచ్చు, అన్నిటికీ కాదు; తెలుగునాట మేలో లేచే ఉరుముల మబ్బు నలభై వేల అడుగులు దాటుతుంది.

ఇక్కడ ‘నిలిపెడు’ అన్న క్రియ అతిశయోక్తి. గాలి నిలవదు. ఇంజన్‌కు అమర్చిన టర్బోచార్జర్ పిండిన గాలిలో కొంత ఇరుకు గొట్టం గుండా, చల్లబడి, క్యాబిన్‌లోకి వస్తూనే ఉంటుంది. వెనక ఉన్న కవాటం దాన్ని లెక్కగా బయటికి వదులుతూనే ఉంటుంది. రాక కన్నా పోక ఇరుకైనప్పుడు మధ్యలో ఒత్తిడి ఏర్పడుతుంది. గాలి ఇచ్చేది ఇంజనే కాబట్టి, దిగేటప్పుడు రెండు ఇంజన్లనూ ఒక్కసారిగా తగ్గిస్తే గాలి రాక పడిపోయి లోపలివారి చెవులు దిబ్బెళ్లు వేస్తాయి. నలభై ఏళ్ల విమానంలో కవాటం కాని చోట్ల కూడా గాలి పోతుంటుంది: తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ, తీగలు గోడ దాటే రంధ్రాలు, కిటికీల అంచులు. పరీక్ష నేల మీదే చేయవచ్చు. బయటి యంత్రంతో క్యాబిన్‌లో గాలి నింపి, సరఫరా ఆపి, ఒత్తిడి ఎంతసేపట్లో ఎంత పడిందో గడియారం పెట్టి చూస్తారు. తలుపు అంచు వెంట సబ్బునీళ్లు రాస్తే బుడగలు లేచిన చోటు తెలుస్తుంది. అబిడ్స్ మతం వారు అరచేతిని అంచు వెంట నడిపి ఆ పని ఉచితంగా చేస్తారు. కిటికీ పలకను ఎండకు ఏటవాలుగా చూసినప్పుడు వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే, పలక మార్పు ఖర్చు బేరంలోకి వస్తుంది.

నాంపల్లి మతం వారు ఈ పాదానికి చరిత్ర జోడిస్తారు. గది ఎగిరినప్పుడల్లా ఉబ్బి, దిగినప్పుడల్లా మామూలవుతుంది. లోహానికి అది అలసట. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు మధ్యధరా సముద్రం మీద గాలిలోనే విచ్ఛిన్నమయ్యాక, ఒక కామెట్‌ను ఫార్న్‌బరోలో నీళ్లతొట్టిలో పెట్టి పదేపదే ఒత్తిడి ఎక్కించి దించితే, లోహపు అలసట వల్ల గోడ చిట్లింది. అందుకే ఎన్ని గంటలు ఎగిరిందన్న ప్రశ్నతో పాటు ఎన్నిసార్లు ఎగిరిందన్నదీ అడగాలి.

మూడో పాదంలో దళారీ కవిత్వం పరాకాష్ఠకు చేరింది. ‘షెడ్డు నీడనె’ అనే అవధారణలో ఎండా వానా తగలలేదన్న స్తుతి ఉంది. ఎగరనూ లేదన్న నింద అందులోనే దాగింది. ఆలంకారికులు దీన్ని వ్యాజస్తుతి కిందే చేరుస్తారు. ఇంజన్‌కు విశ్రాంతి పనికిరాదు. రోజుల తరబడి తిరగకపోతే లోపలి నూనె కిందికి దిగిపోతుంది, మిగిలిన చెమ్మ ఉక్కును తింటుంది. చాలా లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది కాబట్టి ముందు ఆరిపోయేది అదే. బీచ్‌క్రాఫ్ట్ డ్యూక్‌లో ఉన్నవి ఆ కంపెనీ ఇంజన్లే. సెస్నాల్లో ఉండేవి కాంటినెంటల్ ఇంజన్లు, వాటికి వేరే రోగాలు. విశాఖ ఉప్పుగాలితో పోలిస్తే హైదరాబాదు పొడిగాలి ఈ విషయంలో మేలే గాని, మేలు ఎంతైనా సిలిండర్‌లోకి సన్నని కెమెరా దింపి చూడక తప్పదు.

‘చెడ్డ లేదు’ అన్నది నాంపల్లి మతం వారి పంట. లేదన్నది దెబ్బ లేదనా, దెబ్బ రాసిన లాగ్‌బుక్ లేదనా? మొదటి రోజు నుంచి అన్ని పుస్తకాలూ వరసగా ఉండాలి. నడుమ ఒక్కటి పోయినా ఆ కాలమంతా చీకటే. వీరు మరో కాగితం కూడా అడుగుతారు. ఇంజన్ నుంచి టర్బోచార్జర్‌కు ఎర్రగా కాలిన పొగను మోసే గొట్టాలు సెస్నా జంట ఇంజన్ల విమానాల్లో ఇంధన గొట్టాలకూ రెక్క దూలానికీ చేరువగా పోతాయి. అవి పగిలితే మంట దూలాన్నే కాలుస్తుంది. అమెరికా విమానయాన సంస్థ 2000లో వాటి తనిఖీలను తప్పనిసరి చేసింది. ఆ తనిఖీలు జరిగినట్టు తేదీలతో సంతకాలు ఉన్నాయా లేదా అన్నది రంగు ఎంత మెరుస్తోందన్నదానికన్నా ముందు చూడాలి.

ఇక్కడ పాఠభేదం ఉంది. కొన్ని ప్రతుల్లో ‘చెడ్డ లేదు’కు బదులు ‘షెడ్డు లేదు’ అని కనిపిస్తుంది. యతి కుదిరింది. పూర్వార్ధంతో విరోధం వచ్చినా, కొన్న తర్వాత దశను చెబుతోందని సమర్థించవచ్చు. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక బేగంపేటలో ప్రయాణికుల సర్వీసులు ఆగాయి, చిన్న విమానాల రాకపోకలు మిగిలాయి. అయినా సొంత విమానానికి నీడ చూసుకోవడం కొనేవారి పనే.

నాలుగో పాదం సులభం, అనుభవం కఠినం. కొన్న ధర గుట్టులో చిన్న భాగం. కాంటినెంటల్ కంపెనీ ఈ తరగతి ఇంజన్లను 1,400 నుంచి 1,600 గంటలకోసారి పూర్తిగా విప్పి కట్టమంటుంది. ఇంజన్లు రెండని మొదటి పాదమే చెప్పింది. గంటకు నూరు లీటర్లకు పైగా తాగే ఇంధనం విమానాశ్రయాల్లో మామూలుగా దొరికే ఏటీఎఫ్ కాదు, ఏవ్‌గ్యాస్. దాన్ని అప్పటిదాకా పూర్తిగా దిగుమతి చేసుకున్న దేశంలో ఇండియన్ ఆయిల్ 2022 సెప్టెంబరులో వడోదర నుంచి స్వదేశీ సరుకు విడుదల చేసింది. అయినా ఎక్కడ దిగితే అక్కడ దొరుకుతుందని నమ్మి బయలుదేరకూడదు. పన్ను సంగతి: 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత వాడుక విమానాలపై జీఎస్టీ 40 శాతం. గ్యాసు నింపిన శీతల పానీయాలు, జూదశాలలు కూర్చున్న పంక్తిలోనే దీనికీ విస్తరి వేశారు. ‘కొనెడి వారు’ వేరు, ‘నడిపెడి వారు’ వేరు అన్నది కూడా గుర్తుండాలి. ప్రైవేట్ పైలట్ లైసెన్సుతో పాటు జంట ఇంజన్లకు రేటింగు, మబ్బుల్లో నడపడానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు, రేడియోలో మాట్లాడడానికి మరో అనుమతి, వైద్య పరీక్ష కావాలి.

ఇక అన్వయంలో వదిలేసిన సంవత్సరం. పద్యం మౌనంగా దాటేసింది గాని ధ్వని అంతా అక్కడే ఉంది. సెస్నా 340 తయారీ 1984తో, 414ఎ, 421సీల తయారీ ఆ మరుసటి ఏడాదితో ముగిశాయి. డ్యూక్ అంతకు ముందే వెళ్లిపోయింది. అంటే వీటిలో అతి పిన్నవయస్కురాలికి కూడా నలభై నిండాయి. భారత పౌర విమానయాన నిబంధనల్లో దిగుమతి చేసే వాడిన విమానాలకు వయోపరిమితి ఉంది. ప్రెషరైజ్డ్ వాటికి అది అప్పుడప్పుడు సడలినా రెండు దశాబ్దాల గీత దాటలేదు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెడితే, పిస్టన్ ఇంజన్ల విషయంలో దిగుమతికి ఈ పద్యం చెప్పిన వస్తువు తార్కికులు ఉదాహరించే గగనకుసుమమే అవుతుంది. ఇప్పటికే ‘వీటీ’ గుర్తుతో దేశంలో నమోదై ఉన్నది దొరికితే వేరే మాట.

పద్యాన్ని పూర్తిగా వ్యర్థం కానివ్వకుండా అర్వాచీన వ్యాఖ్యాతలు ‘యింజన్’ పదానికి టర్బైన్ అని అర్థం చెబుతారు. 1964 నుంచి తయారవుతూ, ఇప్పటికీ కొత్తవి వస్తున్న కింగ్ ఎయిర్ ఈ అర్థానికి లక్ష్యం. దాని పీటీ6 ఇంజన్ సాధారణంగా 3,600 గంటలకు గాని పూర్తి ఓవర్‌హాలు అడగదు. ఏటీఎఫ్‌తో నడుస్తుంది కాబట్టి ఇంధనం ఊరూరా దొరుకుతుంది. వయోపరిమితికి లోబడినవి అమ్మకానికి వస్తుంటాయి. నాలుగు పాదాలూ దీనికి చక్కగా సరిపోతాయి. నాలుగో పాదం మరీ బాగా సరిపోతుంది.

ఆ పాదానికీ ఒక పాఠాంతరం వినబడుతుంది: ‘అమ్ము వారికె ధరలోని గుట్టు దెలియు’. అర్థం ముందుదానికన్నా వాస్తవానికి దగ్గర. అకారానికి ‘గు’తో యతి చెల్లదు కాబట్టి పరిష్కర్తలు దాన్ని స్వీకరించలేదు.