లీకు బాబాయి

మంగళగిరిలో పాత కారున్న ప్రతి వీధికీ ఓ లీకు బాబాయి ఉంటాడు. ఆయనకు సొంత కారుండదు. ఉంటే ఇంతమంది కార్ల కింద దూరే తీరిక ఎక్కడిది? పొద్దున్నే గుడి దాకా నడుస్తూ, మన వాకిట్లో మారుతీ 800 కింద అరచేతంత మరక కనబడితే చాలు, ఆగిపోతాడు. పంచె ఎగగట్టి, చేతిసంచి మనకిచ్చి, నేలమీద బోర్లా పడుకుంటాడు. ఎదురుగా పదకొండంతస్తుల గాలిగోపురం ఉన్నా తలెత్తని మనిషి!

"ముట్టుకోమాకండి, సాక్ష్యం చెడిపోద్ది."

ముందు రంగు. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్, పచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్. చక్రం పక్కన పల్చగా, లేత పసుపుగా ఉంటే బ్రేక్ ఆయిల్. "అయితే బండి కదిలించమాక అబ్బాయ్" అంటాడు. ఆయన మాటల్లో తప్పకుండా వినాల్సింది ఇదొక్కటే.

తర్వాత వాసన. ముప్పయ్యేళ్లు గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగిరీ చేశాడు. కళ్లు మూసుకుని తేజా ఏదో, 334 ఏదో చెప్పగల ముక్కు తనదంటాడు. అన్నేళ్లు ఆ ఘాటు పీల్చాక ముక్కులో ఇంకేం మిగిలుంటుందని పిన్ని సందేహం. గంధకం కంపు కొట్టే గేర్ ఆయిల్‌ని పెట్రోలని తేల్చిన రోజున ఆ సందేహం వీధంతటికీ పాకింది.

మూడోది రుచి. ఇక్కడే పిన్ని పరుగెత్తుకొస్తుంది. కూలెంట్ తియ్యగా ఉంటుందని ఆయన ఎక్కడో విన్నాడు. నిజమే, అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యనిదే. కాకపోతే కిడ్నీలు పాడుచేసే విషం. "స్వామికి పోసేది పానకం, నువ్వు నాకబోయేది రేడియేటర్ నీళ్లు. తేడా తెలవదా?" అంటుందావిడ. వేలు పంచెకి తుడుచుకుంటూ బాబాయి, "పానకాలస్వామి సగం తాగి సగం తిరిగిస్తాడు. ఈ బండీ అంతేనే, పోసిందాంట్లో సగం కక్కుద్ది" అంటాడు.

రాత్రికి కారు కింద పేపరు పరిపిస్తాడు. చక్రాల దగ్గర సుద్దముక్కతో గీతలు. ఈ పద్ధతి మంచిదే. చిక్కల్లా తెల్లారాకే: చుక్క పడ్డ చోటే కన్నం ఉందంటాడు. బండి పరిగెత్తేటప్పుడు గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది. టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర పుట్టిన లీకు ఇంజన్ అంచులు పట్టుకుని దిగి, అడుగున ఎక్కడో తేలుతుంది. అందుకే ఆటోనగర్ మేస్త్రీ ముందు ఇంజన్ కడిగి, కాసేపు నడిపి, పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తాడు. బాబాయికి కడగడమంటే గిట్టదు. "కడిగితే ఇంకేం మిగులుద్దిరా?"

ఎండాకాలం ఇంకో తంతు. ఏసీ వేసుకొచ్చిన కారు ఎడమవైపు బొట్టుబొట్టుగా నీళ్లు కారుస్తుంది. అవి గాల్లోని తేమ నీళ్లేనని పిల్లలకి కూడా తెలుసు. వాటర్ పంపు పోయిందని బాబాయి, రేడియేటరని ఎదురింటాయన. సాయంత్రానికి వీధి రెండు పార్టీలు. "రంగూ లేదు, వాసనా లేదు బాబాయ్, ఉత్త నీళ్లే" అని ఎవరైనా అంటే, "కొత్తరకం కూలెంటయ్యుంటది" అంటాడు.

మారుతీ 800, అంబాసిడర్ రెండూ 2014లోనే ఆగిపోయాయి. దాంతో బాబాయి గిరాకీ పడిపోతుందనుకున్నాం. పెరిగింది! మిగిలినవన్నీ ముసలి బళ్లే కదా. సీళ్ల రబ్బరు గట్టిపడింది, ప్యాకింగులు పగిలాయి. ఏ వాకిట్లో చూసినా ఓ మరక.

మొన్న ఎదురింటాయన కరెంటు కారు కొన్నాడు. బాబాయి చుట్టూ తిరిగి, వంగి చూసి, నడుం పట్టుకుని లేచాడు. "ఇంజన్ ఆయిల్ లేదా? పెట్రోలు కూడా లేదా?" అయ్యో పాపమన్నట్టు ఓనరు వంక చూశాడు. అంతలో మొహం వెలిగింది.

"బ్రేక్ ఆయిల్ ఉంటదిగా?"