కొత్త డ్రైవర్ వచ్చిందా? ఏమీ మార్చొద్దు

గోల్ఫ్ కోసం పచ్చిక పెంచే సోకు మనకు లేదు. తాగే నీళ్లకే తుంగభద్ర వైపు, పెన్న వైపు చూసే జిల్లాలు మనవి. ఫోన్‌లో మాత్రం ఆ కరువు లేదు. 2017లో ఇంగ్లండు వాళ్లు వదిలిన గోల్ఫ్ క్లాష్ ఆట తెరిస్తే కర్నూలు బస్టాండులోనూ పచ్చికే, కడప ఏడు రోడ్ల కూడలిలోనూ పచ్చికే. ఆడేవాళ్లకు అసలు చిక్కు కొత్త క్లబ్బు వచ్చినప్పుడే మొదలవుతుంది. పెట్టె తెరుచుకుంటుంది, కార్డులు పడతాయి, డ్రైవర్ అనే క్లబ్బు ఒక లెవెల్ పెరుగుతుంది. అప్పుడేం చేయాలో అనుభవం మీద చెబుతున్నా, రాసుకోండి.

క్లబ్బు కార్డు మీద పవర్, అక్యురసీ, టాప్‌స్పిన్, బ్యాక్‌స్పిన్, కర్ల్, బాల్ గైడ్ అని ఆరు వివరాలుంటాయి. ఒక్క పవర్ చూడండి చాలు. తక్కిన అయిదూ ఊరికే అలంకారానికి పెట్టారు.

ఇక గాలి. పాత డ్రైవర్‌తో పది మైళ్ల గాలికి గురిని నాలుగు రింగులు జరిపేవాళ్లనుకుందాం. లెవెల్ పెరిగి అక్యురసీ పెరిగితే గురిలో రింగులు చిన్నవవుతాయి, అదే గాలికి అయిదు జరపాల్సి వస్తుంది. కొందరు దీన్ని కాగితం మీద రాసుకుని క్లబ్బుకో లెక్క, లెవెల్‌కో లెక్క పెట్టుకుంటారు. పాపం, పనిలేనివాళ్లు. మీరు నాలుగు దగ్గరే నిలబడండి. తూర్పారబట్టేటప్పుడు గాలి ఎటు మళ్లిందో ఒళ్లే చెప్పే వంశం మనది, ఆటలో గాలికి లెక్కలేంది?

బంతి ఇసుకలో పడుతుంది. పడనీయండి. పక్కన కూర్చున్నవాడు "ఏమప్పా, మళ్లీ ఇసుకలోనేనా?" అంటాడు. "గాలి మోసం చేసె సామీ!" అనండి. రెండోసారి పడితే నెట్టు, మూడోసారి పడితే టవరు. నాలుగోసారికి వాడే లేచిపోతాడు.

కొత్త క్లబ్బును చిన్న టూర్లలో, తక్కువ కాయిన్లతో నాలుగు ఆటలాడి చూసుకోవడం నామోషీ. నేరుగా పెద్ద టూర్‌కు తీసుకుపోండి, ఉన్నదంతా ఒడ్డండి. అదే ఆటలో గాలిని తట్టుకునే కొత్త బంతి కూడా వాడండి. కొత్త క్లబ్బు, కొత్త బంతి ఒకేసారి దిగితే షాట్ ఎందుకు తప్పిందో బ్రహ్మదేవుడికి కూడా అంతుపట్టదు. తప్పు మీదని ఎవరూ నిరూపించలేరు.

షాట్ కొట్టే వేళ కూడా ముఖ్యం. ప్లేటులో ఎర్రకారం దోసె వేడిగా ఉన్నప్పుడే ఆడండి. బంతిని బొటనవేలితో వెనక్కి లాగితే సూది అటూ ఇటూ ఊగుతుంది, సరిగ్గా నడిమికి వచ్చినప్పుడు వేలు తీస్తేనే పర్‌ఫెక్ట్. వేలికి నెయ్యి ఉంటే సూది కంటే ముందు వేలే జారుతుంది. పవర్ ఇంకా కావాలని హద్దు దాటి లాగితే సూది మరీ జోరందుకుంటుంది. కాబట్టి ప్రతిసారీ హద్దు దాటే లాగండి.

రోరీ మెకల్రాయ్ సంగతి చెప్పి మిమ్మల్ని భయపెట్టేవాళ్లుంటారు. అప్పటి ప్రపంచ నంబర్ వన్ గోల్ఫర్. 2013 జనవరిలో నైకీ సామాన్లకు మారి అబుదాబిలో మొదటి పోటీ ఆడాడు. రెండు రోజులూ 75 కొట్టి సగంలోనే ఇంటిదారి పట్టాడు. రెండో రోజు పాత పటర్‌నే మళ్లీ తెచ్చుకున్నాడు కూడా. అంత పిరికితనం మనకెందుకు? అతను ఆడింది మైదానంలో, మనం ఆడేది మంచం మీద.

కాయిన్లు అయిపోతాయని దిగులు వద్దు, డబ్బులు పెడితే మళ్లీ దొరుకుతాయి. ఈ ఆట చేసిన కంపెనీని 2021లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 140 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. అంటే మనలాంటివాళ్ల మీద వాళ్లకు ఎంత నమ్మకముందో చూడండి.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించి, రేపు సాయంత్రం నాతో ఒక ఆటకు రండి. పెద్ద టూర్‌లోనే పెట్టుకుందాం. నా దగ్గర కాయిన్లు కొంచెం తగ్గినాయి.