నలుగురు మొనగాళ్ళుంటే పట్టు నిలుస్తుందా?

ఒరేయ్ మనవడా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి ఇటు విను. పెట్టవని తెలుసు, కనీసం ఒక చెవి ఇటు పడెయ్. తెలుగు టైటాన్స్ గురించి మీరు అరుగు మీద కూచుని మాట్లాడుకునేదంతా వింటూనే ఉన్నా. ఎప్పుడు విన్నా కూతకెళ్ళేవాడి గొడవే. పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలు దాటించి కొన్నారట, ఇంకొకడు సూపర్ టెన్ కొట్టాడట! సరే, కొట్టనీ. ఇవతల నిలబడి పట్టేవాళ్ళ సంగతి మీలో ఒక్కడికీ పట్టదు. మా రోజుల్లో ముదిగొండలో కబడ్డీ చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ముందు అడిగేది 'మూల ఎవడు కాస్తున్నాడ్రా?' అని. కూత ఎవడిదన్నది ఆ తర్వాతి మాట.

2022 అక్టోబర్లో ప్రో కబడ్డీ తొమ్మిదో సీజన్ మొదలయ్యేటప్పుడు నీకెంత సంబరమో నాకు గుర్తుంది. దానికి ముందు సీజన్లో మన టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటంటే ఒక్కటి. ఆ అవమానం తుడవాలని పట్టేవాళ్ళను ఏరి ఏరి తెచ్చారు. కుడి మూలకు రవీందర్ పహల్, ఎడమ మూలకు మన దగ్గర ఆడి వెళ్ళి మళ్ళీ వచ్చిన విశాల్ భరద్వాజ్, కుడి కవర్‌కు సుర్జీత్ సింగ్, ఎడమ కవర్‌కు పర్వేశ్ భైంస్వాల్. నాలుగు చోట్లకూ నలుగురు, నలుగురూ పేరు మోసినవాళ్ళే. కాగితం మీద అంతకు మించిన పట్టు ఆ ఏడు ఇంకో జట్టుకు లేదని నువ్వన్నావు. నేనూ కాదనలేదు. మడమ పట్టుకుంటే విశాల్ వదలడని నాకూ తెలుసు.

ఏమైంది? 22 మ్యాచ్‌లకు రెండు గెలిచి ఇరవై ఓడారు. పన్నెండు జట్లలో పన్నెండోది మనదే. కూతకెళ్ళినవాళ్ళు మాత్రం పెద్ద ఒరగబెట్టారా అంటావు. ఒరగబెట్టలేదు, ఒప్పుకుంటా. కానీ ఆశలన్నీ పెట్టుకున్నది పట్టు మీద గదా! నా కడుపుమంట దాని గురించే.

చెబుతా విను, పట్టు ఎట్లా కూలుతుందో. ఏడుగురు నిలబడతారు. రెండు మూలలకు ఇద్దరు, వాళ్ళ పక్కన ఇద్దరు, కవర్లకు ఇద్దరు, నడిమధ్యన ఒకడు. కూతకొచ్చినవాడు లోపలికొచ్చి బోనస్ గీత కోసం కాలు చాపేదాకా ఆగాలి. మూల కాసేవాడు మడమ అందుకున్న క్షణంలో కవర్ వాడు వచ్చి నడుం మీద పడాలి. ఒక్కడు పడితే చాలదు, రెండోవాడు అదే క్షణంలో పడాలి. ఇద్దరిలో ఒకడు ముందు ఎగిరాడా, కూతవాడు వాణ్ణి తాకి, వాణ్ణి ఆపబోయిన పక్కవాణ్ణి కూడా తాకి, మధ్య గీత దాటేస్తాడు. ఒక్క కూతకు ఇద్దరు బయటికి. ఐదుగురు మిగిలితే మైదానమంతా ఖాళీ, ముగ్గురు మిగిలితే భయం. మూడు నాలుగు కూతల్లో ఆలౌట్, పైగా ఎదుటి జట్టుకు ఇంకో రెండు పాయింట్లు. నువ్వు టీవీలో 'అడ్వాన్స్ ట్యాకిల్' అని అరుస్తుంటావే, దాన్ని మేం తొందరపాటు అనేవాళ్ళం. పేరుమోసిన నలుగురున్నచోట ప్రతివాడికీ తానే పట్టాలని ఉంటుంది. ఆగుదామని ఎవడికీ ఉండదు.

ఆ ఆగడం మాకు ఎవరూ నేర్పలేదురా. మట్టి నేర్పింది. పంట ఇంటికొచ్చాక కోసిన పొలంలో మోళ్ళు చెక్కి, నీళ్ళు చల్లి, చదును చేసి, సున్నంతో గీతలు గీసేవాళ్ళం. అంతకంటే మైదానం లేదు. మోకాళ్ళ చర్మం ఊడి వచ్చేది. మా అమ్మ పసుపు అద్దుతూ తిట్టేది, అద్దడం అయ్యాక కూడా తిట్టేది. సాయంత్రం గొడ్లను కొట్టంలో కట్టేసి పరిగెత్తుకొస్తే చీకటి పడేదాకా ఆటే. మా మేనబావది ఎడమ మూల, పక్కన నేను, కవర్‌కు మా పెదనాన్న కొడుకు. ముగ్గురం ఒకే బావిలో ఈత నేర్చుకున్నాం, ఒకే బడిలో దెబ్బలు తిన్నాం, ఒకే కాలవ నీళ్ళ కోసం పొలాల దగ్గర పోట్లాడుకున్నాం కూడా. మా బావ మడమ అందుకునే ముందు గట్టిగా ఊపిరి పీల్చేవాడు. నా చెయ్యి ఆయన చేతిలో ఉండేది గనక ఆ బిగువు నాకు తెలిసేది. ఇంక సైగలెందుకు, అరుపులెందుకు?

చేతులు పట్టుకుని నిలబడటం ఇప్పుడూ ఉందంటావు. ఉంది. కానీ ఆ చెయ్యి ఎవరిదో తెలియాలి గదా! ఈ ఏడు పక్కన నిలబడ్డవాడు వచ్చే వేలంలో ఎదుటి జట్టుకు పోతాడు. మొన్నటిదాకా ఎదుటి జట్టులో వీణ్ణి కింద పడేసినవాడు ఇవాళ వీడి పక్కన నిలబడతాడు. డబ్బు పోసి నాలుగు గుంజలు తెచ్చి పాతితే దడి అయిపోదురా అయ్యా, మధ్యలో అల్లిక ఉండాలి. అల్లికకు వేలం లేదు.

ఇంక ఆ గడియారం ఒకటి! కూతకు ముప్పై సెకన్లే. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో. మా రోజుల్లో ఊపిరే గడియారం. ఊపిరి ఉన్నంతసేపు 'కబడ్డీ కబడ్డీ' అంటూ తిరుగుతాడు, ఊపిరి తెగితే పోతాడు. కూత ఆగిందా లేదా అని తేల్చేది చెవులు, కెమెరాలు కావు. ఒక్కోసారి ఎంతసేపటికీ పాయింటు రాకుండా ఆట సాగేది. చూసేవాళ్ళు లేచి పోయేవాళ్ళు కాదు, ఇంకాస్త ముందుకు జరిగి కూచునేవాళ్ళు. మీకైతే ఆవులింతలొస్తాయి. మీ ఆట చూడ్డానికి చురుగ్గానే ఉంది, నేనూ రెప్ప వెయ్యకుండా చూస్తా. అయినా చెబుతున్నా, ఆ ఓపిక పోయినాక పట్టు కూడా పోయింది.

సంక్రాంతి పోటీలకు ఖమ్మం చుట్టుపక్కల తిరిగేవాళ్ళం. నేలకొండపల్లి వాళ్ళు వచ్చేవాళ్ళు, వల్లభి వాళ్ళు వచ్చేవాళ్ళు, బాణాపురం వాళ్ళతో ఆటంటే సగం తగాదా. పెట్రోమాక్స్ లైట్ల వెలుతుర్లో రాత్రి పొద్దుపోయేదాకా ఆడేవాళ్ళం. గెలిస్తే షీల్డు, ఒక్కోచోట పొట్టేలు. పాల్వంచ అవతల, భద్రాచలం దారిలో అడివి ఊళ్ళ నుంచి కోయ కుర్రాళ్ళ జట్లు దిగేవి. వాళ్ళ పట్టు చూడాలిరా! ఒక్కడూ నోరు మెదిపేవాడు కాదు. కూతకెళ్ళినవాడు ఎంత ఆశ చూపినా ఎవడూ ముందుకు కదిలేవాడు కాదు. కదిలితే ముగ్గురూ ఒక్కసారే. మాలో బలమైనవాడు కూడా మధ్య గీత చూడకుండానే మట్టిలో ఉండేవాడు. రాత్రుళ్ళు కలిసి చేను కాపలా కాసినవాళ్ళకు ఆగడం వేరే నేర్పాలా?

ఇదంతా ముసలాడి గొణుగుడు అంటావు. అను, కానీ ఈ లెక్క చూసి అను. పర్వేశ్ గుజరాత్ జట్టులో ఉన్నప్పుడు పక్క కవర్ సునీల్ కుమార్. ఆ ఇద్దరూ కలిసి నిలబడ్డ గుజరాత్ 2017లో కొత్తగా వచ్చి మొదటి సీజన్లోనే ఫైనల్‌కెళ్ళింది, మరుసటి సీజన్లో మళ్ళీ వెళ్ళింది. జంట విడిపోయింది. తొమ్మిదో సీజన్లో సునీల్ జైపూర్ కెప్టెనయి కప్పెత్తాడు. పర్వేశ్ మన దగ్గర అట్టడుగున మిగిలాడు. ఆ ఏడు జైపూర్ ఎడమ మూల కాసింది ఎవరో తెలుసా? అంకుశ్ అని, అదే మొదటి సీజన్ ఆడుతున్న కుర్రాడు. సీజన్ మొత్తానికి 89 ట్యాకిల్ పాయింట్లతో అందరికంటే పైన నిలిచాడు. ఆ మూలకు పేరు కొనుక్కోని జట్టుకు పట్టు దొరికింది, నాలుగు పేర్లు కొన్న జట్టుకు దొరకలేదు.

నువ్వు పిచ్చిగా చూసే ఫుట్‌బాల్‌ది మాత్రం వేరే కథా? హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ కప్పు తెచ్చింది. ఆ తర్వాతి సీజన్లో 20 మ్యాచ్‌ల లీగ్‌లో ఇచ్చిన గోల్స్ 16. అటుపైన జీతాలు అందక గొడవలు, ఆటగాళ్ళు తలో దిక్కూ పోయారు. 2023–24లో 22 మ్యాచ్‌లకు 43 గోల్స్ ఇచ్చి, ఒక్కటి గెలిచి, చివరి స్థానం. చివరికి జట్టే ఢిల్లీకి తరలిపోయింది. అదే హైదరాబాద్‌లో ఒకప్పుడు సిటీ పోలీసు జట్టు ఉండేది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు వాళ్ళదే. రహీం సాబ్ తర్ఫీదు, ఒకటే ఉద్యోగం, ఒకటే మైదానం, ఏళ్ళ తరబడి అవే ముఖాలు. ఆ రహీం సాబే దేశం జట్టును 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకెళ్ళాడు, 1962లో జకార్తాలో ఆసియా బంగారం తెప్పించాడు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే, ఆయన ఆడింది వెనకవరసలో. గోడ కట్టడం మనవాళ్ళకు రాదని ఎవడైనా అంటే ఈ పేర్లు చెప్పు.

కబడ్డీలో ఇరాన్ వాళ్ళు కట్టిందీ అలాంటి గోడే. 1990లో ఆట ఆసియా క్రీడల్లోకి వచ్చినప్పటి నుంచి మగవాళ్ళ బంగారం ఎవరికీ వదల్లేదు మనం. 2018లో అదే జకార్తాలో, సెమీఫైనల్లో ఇరాన్ మనల్ని 27–18తో పడేసింది. మన పుట్టింటి ఆటలో మనవాళ్ళకు పద్దెనిమిదే! ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

టైటాన్స్ మారలేదా అంటావు. పదో సీజన్లో పవన్ వచ్చినా మళ్ళీ రెండే గెలుపులు. పదకొండో సీజన్లో సగానికి పైగా గెలిచారు, 2025లో మూడో స్థానం దాకా వెళ్ళారు. నాకూ సంతోషమే. భరత్, విజయ్ మాలిక్ ఆడుతుంటే నేనూ చప్పట్లు కొట్టా. కానీ ఫైనల్‌కు ముందు పుణే మీద ఆట చూశావుగా, 50–45. నలభై ఐదు పాయింట్లు తెచ్చుకున్నవాళ్ళు ఓడిపోవడమేమిట్రా? యాభై ఇచ్చారు గనక ఓడారు. ఆ సాయంత్రం కూడా మీరంతా భరత్ కూతల గురించే మాట్లాడుకున్నారు. ఇచ్చిన యాభై గురించి ఒక్కడు నోరు విప్పలేదు.

టైటాన్స్‌ను నడిపేవాళ్ళకు నా మాట చేరదు, నీకు చేరుతుంది గనక చెబుతున్నా. ఊళ్ళో మీ జట్టులో ఏడుగురున్నారు. అందరూ రైడర్లే అవుతామంటారు, ఎందుకంటే ఫోనులో కనిపించేది వాళ్ళే. ఇద్దరు మూల కాయండి, ఇద్దరు కవర్ నిలబడండి, అదే నలుగురు ఐదేళ్ళు మారకండి. ఒకడు ఖమ్మంలో కాలేజీకి పోయినా ఆదివారం ఊరికి రావాలి. ఎవడి పేరు మైకులో వినపడకపోయినా బాధపడొద్దు. పక్కవాడు కదిలేదాకా ఆగడం నేర్చుకోండి. రేపు ఏ జట్టువాళ్ళయినా మీలో ఒకణ్ణి కొనడానికొస్తే, పోవద్దని నేననను, పొట్టకూటి సంగతి నాకూ తెలుసు. పోయేముందు మాత్రం పక్కవాడు లేకుండా నువ్వెంత పట్టగలవో ఒకసారి చూసుకుని పో. పట్టు నలుగురిది, ఒక్కడిది కాదు.