అవతలివాడి హక్కు

గుంటూరు అరండల్‌పేటలో ఓ క్లబ్బు. బల్లలన్నీ రమ్మీవే, కిటికీ పక్కన ఉన్న ఒక్కటి తప్ప. అది బ్రిడ్జి బల్ల. దానికి పెద్దదిక్కు ప్రెసిడెంటు గారు. పగలు యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారం, సాయంత్రం పేక. చదువు పదో తరగతితో ఆగింది గానీ, బ్రిడ్జి నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో కంఠతా వచ్చు.

కొత్తగా చేరినవాళ్ళకు ఆయన ముందు నేర్పేది బ్లాక్‌వుడ్. ఇండియానాపొలిస్‌లో బీమా కంపెనీలో పనిచేసిన ఈస్లీ బ్లాక్‌వుడ్ 1933లో కనిపెట్టిన పద్ధతి అది. (బీమావాడు కదా, లెక్క తేలందే అడుగు వెయ్యడు.) నాలుగు నో ట్రంప్ పాడితే ‘నీ దగ్గర ఆసులెన్ని?’ అని జతగాణ్ణి అడిగినట్టు. అతను ఐదు కళావర్లంటే ఒక్కటీ లేదు, లేదా నాలుగూ ఉన్నాయి. ఐదు డైమండ్లంటే ఒకటి. ఆఠీన్లంటే రెండు. ఇస్పేట్లంటే మూడు.

“ఆ పాటకు అర్థమేమిటని అవతలివాళ్ళు అడిగితే చెప్పి తీరాలి” అనేవారు. “అది వాళ్ళ హక్కు.”

ఓసారి సెక్రటరీ చందా కోసం యార్డుకు వెళ్ళాడు. దర్శి వైపు నుంచి రాత్రంతా లారీలో వచ్చిన రైతు తన టిక్కీల మీద కూర్చుని ఉన్నాడు. ప్రెసిడెంటు గారు ఓ కాయ తుంచి వాసన చూసి, కొనడానికి వచ్చిన వ్యాపారి చెయ్యి అందుకున్నారు. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల మీదా కప్పారు. ఆయన తండ్రి సంతల్లో ఒంగోలు ఎడ్ల బేరగాడు. ఆ అలవాటు కొడుక్కీ వచ్చింది. తువ్వాలు కదిలింది. వ్యాపారి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కదిలింది. ఇద్దరూ నవ్వుకున్నారు. తువ్వాలు భుజం మీదికి వెళ్ళింది.

“ఎంతకు కుదిరిందండీ?” అన్నాడు రైతు.

“కాటా అయ్యాక పట్టీలో చూసుకుందువులే.”

సెక్రటరీకి చందా ముట్టింది, కాఫీ కూడా.

ఆ ఏడే బ్యాంకు కుర్రాళ్ళిద్దరు క్లబ్బులో చేరారు. జతగా ఆడేవారు. మూడు నెలల్లో వాళ్ళు ఓడిన సాయంత్రం లేదు. నాలుగు నో ట్రంప్ అడక్కుండానే ఆరు ఇస్పేట్లు పాడేవారు, పదమూడు పట్లలో పన్నెండూ పట్టేవారు. ఆసులు చాలని రోజున నాలుగు దగ్గరే ఆగిపోయేవారు. ప్లీడరు గారు వాళ్ళ వెనక నిలబడి చూశారు. డాక్టరు గారు మొహాలు గమనించారు. ఎవరికీ ఏమీ దొరకలేదు.

ఓ బుధవారం ప్రెసిడెంటు గారు వాళ్ళతో ఆటకు కూర్చున్నారు. నాలుగో పంపకంలో తన ముక్కలు బోర్లించారు.

“బాబూ, నీ ముక్కల వెనక మూడు వేళ్ళున్నాయి. కిందటి పంపకంలో రెండే ఉన్నాయి. ఏదీ, ఆ ముక్కలు పరువు.”

పరిచాడు. మూడు ఆసులు.

ఆదివారం కమిటీ కూర్చుంది. ప్లీడరు గారికి కుర్రాళ్ళ మీద జాలి. రమ్మీలో అదృష్టం పాలు బ్రిడ్జి పంపకంలో ఉండేలాంటిదేనని సుప్రీంకోర్టు 1968లో చెప్పిందనీ, వీళ్ళదీ అదృష్టమే కావచ్చుననీ అన్నారు. పైసా పందెం లేని ఆటకు మందలింపు చాలన్నారు.

ప్రెసిడెంటు గారు లేచారు. 1965లో బ్యూనస్ ఎయిరీస్ ప్రపంచ పోటీల సంగతి చెప్పారు. ఆఠీన్లెన్నో వేళ్ళతో చెప్పుకున్నారని టెరెన్స్ రీస్, బోరిస్ షపీరో మీద వచ్చిన అభియోగం, ప్రపంచ సమాఖ్య దోషులనడం, మరుసటి ఏడాది లండన్ విచారణ కాదనడం, అన్నీ వరసగా. 1975లో బెర్ముడాలో ఇద్దరు ఇటాలియన్ల మీద బల్ల కింద కాళ్ళతో సైగల ఆరోపణ వచ్చి, బల్ల కింద కూడా అడ్డు పెట్టాల్సి వచ్చిన వైనం చెప్పారు.

“డబ్బు మాట కాదు ప్లీడరు గారూ. నష్టపోయేవాడు పక్కనే కూర్చుని ఉన్నాడు. వాడికి తెలియకుండా ఇద్దరు వేళ్ళతో మాట్లాడుకుంటారా? అది ఆటా, దోపిడీయా?”

‘దోపిడీ’ దగ్గర బల్ల చరిచారు. టీ గ్లాసులు కదిలాయి. ఎవరూ నోరెత్తలేదు.

ఇద్దర్నీ క్లబ్బు నుంచి తీసేస్తూ తీర్మానం ఆయనే చెప్పి రాయించారు. అందరూ సంతకాలు పెట్టారు. ప్లీడరు గారు చివర్న పెట్టారు.

పుస్తకం మూస్తూ సెక్రటరీ అడిగాడు. “మూడు నెలలు ఇంతమందిమి చూశాం. మా కంట పడనిది మీకు ఒక్క సాయంత్రంలో ఎలా దొరికిందండీ?”

“పసివాళ్ళు పాపం” అన్నారు ప్రెసిడెంటు గారు. “పైన తువ్వాలు కప్పుకోవాలన్న ఇంగితమైనా లేదు.”