జాగ్రత్తగా వెళ్లమ్మా!

పాలకొల్లులో బడికి నడిచి వెళ్లే పిల్లకి అన్ని శాఖలూ కలిసి సమకూర్చిన రక్షణ ఏర్పాటు ఒక్కటే. పొద్దున ఎనిమిదిన్నరకి వీధి గుమ్మంలో నిలబడి వాళ్లమ్మ అనే మాట. ‘జాగ్రత్తగా వెళ్లమ్మా!’ దానికి టెండరు పిలవక్కర్లేదు, బిల్లు పాసవక్కర్లేదు, వానకి కొట్టుకుపోదు. ఏ ప్రభుత్వం వచ్చినా రద్దు కాని పథకం ఇదొక్కటే.

మొన్న టీ కొట్టు దగ్గర ఆ పథకం అమలు కళ్లారా చూశాను. రెండు జడల పిల్ల, మూడో తరగతో నాలుగో తరగతో ఉంటుంది. తమ్ముణ్ణి మణికట్టు దగ్గర పట్టుకుంది. వేళ్లు పట్టుకుంటే జారిపోతాడని ఆ వయసుకే తెలిసిపోయింది. ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క కాలువ. రెంటికీ మధ్య మార్జిన్ ఉండాలి. ఉంది కూడా. అందులో చెరుకురసం బండి, అమ్మకానికి పెట్టిన పాత బైకులు, ఎవరింటి కోసమో దింపిన కంకర, ఆ పైన ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ ఉన్నాయి. ఫ్లెక్సీలో నాయకుడు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. బహుశా రోడ్డు మీంచి వెళ్లమని పిల్లల్ని బతిమాలుతున్నాడు. ఆయన మాట కాదనలేక వాళ్లు రోడ్డెక్కారు. వెనకనుంచి రొయ్యల మేత లారీ హారను. పిల్ల తమ్ముణ్ణి ఒక్క ఊపున కంకర కుప్ప మీదికి లాగేసింది. లారీ పోయింది, వాడి చెప్పు ఒకటి రోడ్డు మీద మిగిలింది.

నా పక్కన టీ తాగుతున్న పెద్దాయన గ్లాసు దించి, ‘చూశారాండీ, ఈ కాలం పిల్లలకి రోడ్డు మీద నడవడవే రాదండీ బాబూ’ అన్నాడు.

నిజవే. వాళ్లకి ఏమొచ్చు? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు ఫుట్‌పాత్ వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని రాసుకున్నారు. మన దగ్గర ఫుట్‌పాత్ అంటే డ్రైను మీద పలక. పలక ఉన్నచోట దాని మీద కొట్టు మెట్లుంటాయి. మెట్లు లేనిచోట పలకే ఉండదు. ఫుట్‌పాత్ మీద నడవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీ నుంచి ఆ మాట బయల్దేరింది గానీ, అదీ నడిచే వస్తున్నట్టుంది, ఇంకా మన ఊరు చేరలేదు. 2023లో దేశంలో రోడ్డు మీద నడుస్తూ చచ్చిపోయినవాళ్లు 35 వేల పైమాటే. వాళ్లందరికీ ఇంట్లో ఎవరో ఒకరు జాగ్రత్త చెప్పే పంపి ఉంటారు.

విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నిబంధనలు చదివితే ముచ్చటేస్తుంది. ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు నడకలో ఉండాలట. దారిలో చిన్నపిల్లలకి ప్రమాదం ఉంటే అది తప్పేలా బడి చోటు చూడాలట. 2022లో మన రాష్ట్రంలో 117 నంబరు జీవో వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపేశారు. కిలోమీటరు లోపే కదా అన్నారు. కాగితం మీద స్కేలు పెట్టి గీసిన కిలోమీటరుకి కాలువ తగలదు, రైలు పట్టాలు తగలవు, హైవే అంతకన్నా తగలదు. ఇవన్నీ కాళ్లకే తగులుతాయి. రాష్ట్రంలో చాలాచోట్ల తల్లిదండ్రులు బడుల ముందు బైఠాయించారు. 2025లో ఆ జీవో పోయి వేరే జీవోలొచ్చాయి. దిగమర్రు దగ్గర 165, 216 జాతీయ రహదారులు కలిసేచోట లారీలకి ఈ రెండు సంగతులూ తెలియవు.

మనకి చేతకాక కాదండీ. సంక్రాంతికి రండి. మూడు రోజుల కోడిపందేలకి చేలో బరి గీసి, చుట్టూ కంచె కట్టి, షామియానా వేసి, ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, కార్లకి విడిగా పార్కింగు, దారి చూపడానికి కుర్రాళ్లు, అన్నీ రాత్రికి రాత్రి అమరిపోతాయి. పుంజు బాదంపప్పు తిని, కారెక్కి, ఒకరి చంకలో కూర్చుని బరిలో దిగుతుంది. చట్టం ఒప్పని పనికి ఇంత పద్ధతి! రోడ్డు భద్రతా మాసోత్సవం కూడా సరిగ్గా ఆ జనవరిలోనే. బడులకి పండగ సెలవులు పోగా మిగిలిన రోజుల్లో పిల్లల చేత వ్యాసాలు రాయిస్తారు. లారీ డ్రైవర్లకి వ్యాసరచన పోటీ పెట్టినట్టు నేనెక్కడా వినలేదు.

పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు పాలకొల్లులో వ్యాపార స్థావరం నడిపి మన బట్టలు ఓడలకెత్తుకున్నారు. ఆ డచ్చి దేశంలోనే 1971లో రోడ్ల మీద సుమారు 3,300 మంది పోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. అక్కడి జనం దాన్ని ప్రమాదం అనలేదు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అని పేరు పెట్టి వీధుల్లోకొచ్చారు. పిల్లలకి జాగ్రత్త నేర్పడంతో ఆగకుండా, కార్ల నోటికి కళ్లెం వేసి, వీధులే తిరగ్గట్టారు. బట్టలు పట్టుకుపోయినవాళ్ల దగ్గర ఈ ఒక్క సరుకూ తెచ్చుకుందామని మనకి తోచలేదు. మనకి తోచిందల్లా స్కూటీ కొనడం.

అవును, నేనూ కొన్నాను. నడిస్తే ప్రమాదమని పిల్లని బండి మీద దింపుతాను. పక్కింటాయనా అదే కారణంతో దింపుతాడు. తొమ్మిది అయ్యేసరికి గేటు ముందు మా భయాలన్నీ హారన్లు కొట్టుకుంటూ గుమిగూడతాయి. వాటి మధ్యనుంచి లోపలికి వెళ్లాల్సింది నడిచొచ్చిన పిల్లలే. ఇంకొందరు తండ్రులు మరీ ముందుచూపు గలవాళ్లు, తొమ్మిదో తరగతి కుర్రాడికే బండి తాళాలిచ్చేస్తారు. పిల్లాడు బండి నడిపితే తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019 నుంచి చట్టంలో ఉంది. ‘మావాడు బండి ఎంత బాగా తోల్తాడో!’ అని వాళ్లు మురిసిపోతుంటే ఆ సెక్షను గుర్తుచేయడం మర్యాద కాదు.

నిన్న ఆలస్యమైంది. గేటు దగ్గర సందు లేక బండిని ఎడమపక్క నుంచి దూర్చాను. ఎదురుగా ఆ రెండు జడల పిల్ల, చేతిలో తమ్ముడి మణికట్టు. హారను కొట్టాను. తమ్ముణ్ణి డ్రైను పలక మీదికి లాక్కుని తప్పుకుంది.

జాగ్రత్త గల పిల్ల.